పిడుగు దారి పట్టిచ్చిన అద్దం

1920లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ దగ్గర, నీటి ఒడ్డునున్న ఓ చెక్క కుటీరాన్ని పిడుగు తాకింది. లోపల ఉన్న అద్దం ముక్కలైంది. ఇంటాయన చీపురు అందుకోలేదు. ముక్కలన్నీ ఏరి, పగులుకు పగులు కలిసేలా పేర్చి, రెండు గాజు పలకల మధ్య బిగించాడు. కరెంటు ఎటునుంచి వచ్చి ఎటు పాకిందో ఆ పగుళ్లలో చదవాలని ఆయన పట్టుదల. ఆయనే జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు చార్లెస్ స్టైన్‌మెట్జ్. ఇల్లులాంటి బండి మోటర్‌హోమ్‌ను ఉన్నట్టుండి ఎగిసే వోల్టేజీ నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ పుట్టుక వెతుకుతుంటే ఈ అద్దం దొరికింది. ఇక అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు.

స్టైన్‌మెట్జ్ పొట్టి మనిషి, పుట్టుకతోనే గూని. సోషలిస్టు అని పోలీసులు వెంటపడితే జర్మనీ వదిలి వచ్చాడు. వేసవిలో పడవలో అడ్డంగా పలక వేసుకుని, దాని మీదే లెక్కలు చేసేవాడు. 1922లో ప్రయోగశాలలోనే పిడుగు పుట్టించాడు. కండెన్సర్లలో కరెంటు నింపి ఒక్క పెట్టున వదిలితే 1,20,000 వోల్టుల మెరుపు! చెక్క దిమ్మలు చీలికలై ఎగిరిపడేవి. హైటెన్షన్ లైన్లకు కట్టే లైట్నింగ్ అరెస్టర్లను గాలివాన కోసం కాచుకోకుండా పరీక్షించడానికే ఇదంతా. ఆ ఏడాదే ఎడిసన్ చూడ్డానికి వచ్చాడు. ఎడిసన్‌కు చెవుడు కదా, స్టైన్‌మెట్జ్ ఆయన మోకాలి మీద వేలితో మోర్స్ కోడ్ కొట్టి మాట్లాడాడని చెప్పుకుంటారు. మరుసటి ఏడాదే, 58 ఏళ్లకు, స్టైన్‌మెట్జ్ పోయాడు. ఆ కుటీరాన్ని తర్వాత హెన్రీ ఫోర్డ్ మిషిగన్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌కు తరలించి నిలబెట్టాడు.

ఆ ఫోర్డ్, ఎడిసన్‌లే టైర్ల ఫైర్‌స్టోన్‌ను వెంటబెట్టుకుని ఏటా కార్లలో అడవులకు పోయి గుడారాలు వేసేవారు. గుడారాల్లో ఎడిసన్ బ్యాటరీలతో బల్బులు వెలిగేవి. వాళ్ల కరెంటు వాళ్ల వెంటే ఉండేది, ఊరి లైనులో ఏ ఉపద్రవం వచ్చినా వాళ్లను అంటేది కాదు. క్యాంపుగ్రౌండులో కరెంటు స్తంభానికి బండి ప్లగ్గు పెట్టే అలవాటు వచ్చాక ఆ నిశ్చింత పోయింది. సౌకర్యం కోసం చాలా పెద్ద ధరే చెల్లించామనిపిస్తుంది.

ఇక అరెస్టర్ల సంగతి. స్టైన్‌మెట్జ్ తర్వాత సిలికాన్ కార్బైడ్ అరెస్టర్లు కొన్ని దశాబ్దాలు ఏలాయి. ఆ తర్వాత జపాన్‌లో మత్సుషిత కంపెనీకి చెందిన మిచియో మత్సువోకా జింక్ ఆక్సైడ్‌లో బిస్మత్ వంటివి కలిపి కాల్చి, 1971లో దాని గుణాలు ప్రచురించాడు. ఆ పదార్థం మామూలు వోల్టేజీలో కరెంటును దాదాపు పోనివ్వదు. వోల్టేజీ హద్దు దాటగానే దారి తెరిచి, ఎక్కువైనదాన్ని పక్కకు మళ్లిస్తుంది. ఇవాళ్టి ప్రొటెక్టర్‌లో ఉండేది ఆ పదార్థంతో చేసిన, చొక్కా గుండీ అంత బిళ్లే.

కానీ మోటర్‌హోమ్‌కు పిడుగు కంటే దగ్గరి శత్రువు ఊడిన న్యూట్రల్, అంటే కరెంటు తిరిగిపోయే తీగ. అమెరికాలో 50 ఆంపియర్ల ప్లగ్గులో 120 వోల్టుల తీగలు రెండు, వాటికి ఒకటే న్యూట్రల్. అది ఊడితే రెండు తీగల మధ్య ఉన్న 240 వోల్టులను రెండు వైపుల పరికరాలూ లోడును బట్టి పంచుకుంటాయి. ఏసీ నడిచే వైపు వోల్టేజీ పడిపోతుంది, టీవీ ఒక్కటే ఉన్న వైపు 200 దాకా ఎగబాకవచ్చు. మన వీధుల్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ పోయినప్పుడు వరసగా ఇళ్లలో టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయేదీ ఇందుకే. ఇది రెప్పపాటులో పోయే సర్జ్ కాదు. బిళ్లనే నమ్ముకుంటే ముందు అదే వేడెక్కి మాడిపోతుంది. అందుకే మంచి పరికరాల్లో రిలే పెడతారు. వోల్టేజీ 104 కంటే తగ్గినా, 132 దాటినా చాలా రకాలు కరెంటును కట్ చేసేస్తాయి. ఇలాంటిదాన్ని ముందు స్తంభానికి తగిలించి, వైరింగ్ సరిగా ఉందని అది చూపించాకే బండి కేబుల్ కలపాలి.

కొన్ని పాత అరెస్టర్లలో నిప్పురవ్వ దూకే ఖాళీ కంటికి కనబడేది. దెబ్బ తగిలితే మచ్చ మిగిలేది. ఇప్పుడు అంతా సీలు వేసిన డబ్బా. కాలిపోతే పారేసి కొత్తది కొంటున్నాం, దెబ్బ ఏ తీగ గుండా వచ్చిందని విప్పి చూసేవాళ్లు కరువయ్యారు. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. పెద్ద సర్జ్ తగిలిన ప్రతిసారీ బిళ్ల కొంత నీరసిస్తుంది. డబ్బా మీద జూల్స్ అని రాసి ఉండేది దాని ఓపిక లెక్క. ఆ ఓపిక అయిపోయాక కూడా కొన్ని రకాలు కరెంటును మామూలుగానే పంపిస్తుంటాయి. లోపల రక్షణ లేదని చెప్పేది ఆరిపోయిన ఇండికేటర్ దీపం ఒక్కటే.