లేపాక్షి మృదంగం: శిల్ప సాక్ష్యం, ధ్వని సాక్ష్యం

హిందూపురం సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దానికి చెందింది. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో అధికారిగా ఉన్న విరూపణ్ణ దీనిని నిర్మింపజేశాడు. నాట్యమండప స్తంభాలపై మృదంగం వాయించే మూర్తులు ఉన్నాయి. ఇవి వాద్యం ఆకారాన్ని, వాయించే భంగిమను తెలుపుతాయి, నాదాన్ని తెలుపలేవు.

నాదాన్ని తెలుసుకోవడానికి అనునాదాలను కొలవాలి. బిగించిన మామూలు చర్మంలో మొదటి అతిస్వరం పౌనఃపున్యం మూలస్వరానికి సుమారు 1.59 రెట్లు. పూర్ణసంఖ్య కానందున శ్రుతి స్పష్టంగా వినిపించదు. మృదంగం కుడివైపు చర్మంపై నల్లని కరణి ఉంటుంది. సి.వి. రామన్ ఈ అంశంపై 1920లో ‘నేచర్’ పత్రికలో రాశాడు; 1934లో మరింత వివరించాడు. చర్మంపై ఇసుక చల్లితే, కంపించని రేఖల వెంబడి అది పోగవుతుంది. కరణి బరువు వల్ల తొమ్మిది కంపన రీతులు 1:2:3:4:5 నిష్పత్తిలో ఐదు స్వరాలుగా కుదురుతాయని ఆయన చూపాడు.

సజీవ సంప్రదాయం మూడవ ఆధారం. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలాట కళాకారుల వాద్యాలను కూడా ఇలాగే పరిశీలించవచ్చు. అయితే ఒక జాగ్రత్త అవసరం. నేటి మృదంగంపై చేసిన కొలతను 16వ శతాబ్దానికి నేరుగా అన్వయించరాదు. రాతిలో చెక్కిన వాద్యానికి కరణి గుర్తు ఉందా అని ముందు చూడాలి. కొలత శిల్పానికి తోడు సాక్ష్యమే గాని, ప్రత్యామ్నాయం కాదు.