జీపు మేను, దాని క్రింది దిమ్మలు

యుద్ధరంగమున సేవచేసి, 1945లో సీజే-2ఏ రూపమున పౌరజీవనమున బ్రవేశించిన అమెరికా జీపునకు ఉక్కు చట్రము వేఱు, దానిపై బోల్టులతో బిగింపబడిన మేను వేఱు. ఈ ద్వైధమే, పెద్ద చక్రములను గోరిన యజమానులకు, నడుమ దిమ్మలుంచి మేనిని మాత్రమే పైకెత్తు నుపాయమును సూచించినది. ఆ దిమ్మలకై సులభముగా దొరకు కొయ్య తేమకు కుళ్ళి, ఒత్తిడికి నలిగి, బిగింపును సడలించును. అందుచేత ఉత్తర అమెరికాలో కొందఱు, మంచుహాకీ క్రీడలో వాడు, 3 అంగుళముల వ్యాసమును 1 అంగుళము మందమును గల గట్టి రబ్బరు బిళ్ళలకు రంధ్రము తొలిచి వినియోగించిరి. అల్యూమినియము నలుగదు గాని, ఉప్పునీటియందు ఉక్కుతో గూడి క్షయించును. తుప్పును కుళ్ళును ఎఱుగని పాలీయురిథేను పిమ్మట అంగడి దిమ్మలలో స్థానము సంపాదించినది. అయినను, ఇరుసు క్రింది యెడమును పెంచునది పెద్ద చక్రమే. దిమ్మ దానికి చోటు మాత్రమే కల్పించును.