లైసెన్సు కంటే ముందే పాట

జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లోని సంగం రేడియో చరిత్ర మన యువత తెలుసుకోవాలి. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ప్రసారానికి దాదాపు పదేళ్ల ముందు నుంచే ఊరి పాటలు, విత్తనాల ముచ్చట్లు రికార్డు చేశారు. అప్పటికి లైసెన్సు లేదు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు దారి తెరుచుకున్నది 2006లో. 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలయ్యేనాటికి పాటలు సిద్ధంగా ఉన్నాయి. స్టూడియో నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ.

మన కలికిరి వైపు తండాల్లో తీజ్ పాటలు ఇంకా అవ్వల నోటనే ఉన్నాయి. రేడియో వచ్చేదాకా ఆగొద్దు. పాడినవారి పేరు, తండా, తేదీ ముందుగా చెప్పించి ఫోన్‌లో రికార్డు చేయండి. అవ్వలు ఉన్నప్పుడే ఆ పని జరగాలి.