ఇసుక రేణువులలో హిమాలయ చరిత్ర

హిమాలయములు ఎప్పుడు లేచినవి? ఈ ప్రశ్నకు సమాధానము ఆ పర్వతములయందే దొరకునని తోచుట సహజము. కాని పర్వతము తన చరిత్రను తానే పోగొట్టుకొనుచుండును. అది లేచుచుండగనే వానలు, హిమానీనదములు పైపొరలను అరగదీయును. గంగా బ్రహ్మపుత్రలు ఆ ఇసుకను, ఒండ్రును సముద్రమునకు చేర్చును. ఇట్లు బంగాళాఖాతము అడుగున పేరుకొనిన మేట సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున, శ్రీలంకను దాటి భూమధ్యరేఖకు దక్షిణమునకు వ్యాపించియున్నది. పర్వతముపై చెరిగిపోయిన చరిత్రను అచ్చటనే వెదకవలెను.

ఇందుకు రేణువుల వయస్సు తెలియవలెను. 1907లో అమెరికా శాస్త్రజ్ఞుడు బోల్ట్‌వుడ్, యురేనియము క్రమముగా సీసముగా మారుటను బట్టి ఖనిజముల వయస్సును లెక్కకట్టెను. 1911లో ఆంగ్లేయుడగు ఆర్థర్ హోమ్స్ ఆ పద్ధతిని ముందునకు సాగించెను. జిర్కాను అను ఖనిజము ఇందుకు మిక్కిలి అనువైనది. అది పుట్టునపుడు యురేనియమును చేర్చుకొనును గాని సీసమును చేరనీయదు. కావున అందు నేడు కనబడు సీసము దాని వయస్సును తెలుపును.

అభ్రకమునందలి గడియారము వేరు. అందలి పొటాసియములో స్వల్పభాగము మెల్లగా ఆర్గాను వాయువగును. ఖనిజము మిక్కిలి వేడిగానున్నంతకాలము ఆ వాయువు తప్పించుకొనిపోవును. సుమారు 400 డిగ్రీల సెంటిగ్రేడునకు చల్లారిన పిదప లోపలనే నిలిచిపోవును. అంతటి వేడి సాధారణముగా భూమిలో పది కిలోమీటర్లకు పైబడిన లోతున నుండును. అనగా జిర్కాను తన పుట్టుకను చెప్పగా, అభ్రకము తాను లోతునుండి పైకి వచ్చుచు చల్లారిన కాలమును చెప్పును.

నదీ సైకతములో ఒక్కొక్క రేణువు ఒక్కొక్క కొండనుండి వచ్చినదై యుండును. పిడికెడు ఇసుకను కలిపి కొలిచినచో, సంతకు వచ్చినవారి వయస్సుల సగటువలె, అది ఎవరి వయస్సును కాదు. ఒంటిరేణువును పరీక్షించు సాధనములు వచ్చిన పిదపనే ఈ శాస్త్రము వృద్ధిపొందెను. కాన్‌బెర్రాలో కాంప్‌స్టన్ బృందము నిర్మించిన అయాను యంత్రము 1980లో పనిలోనికి వచ్చెను. ఆర్గాను కొలతకు లేసరు కిరణములు తోడ్పడెను.

1987లో ఒక పరిశోధన నౌక శ్రీలంకకు దక్షిణమున సముద్రగర్భమును తొలిచి, 1 కోటి 70 లక్షల సంవత్సరముల నాటి పొరల వరకు మట్టిని పైకి తీసెను. పొరలు ఏర్పడిన కాలమును సూక్ష్మజీవుల శిలాజములు తెలిపెను. కోప్లండ్, హారిసన్ అనువారు ఆ పొరలలోని అభ్రక, ఫెల్డ్‌స్పార్ రేణువులను ఒక్కొక్కటిగా పరీక్షించి 1990లో ఫలితములను ప్రకటించిరి. ప్రతి పొరలోను కొన్ని రేణువుల వయస్సు ఆ పొర వయస్సునకు ఇంచుమించు సమానముగా నుండెను! లోతున చల్లారిన శిల స్వల్పకాలములోనే పైకి వచ్చి, అరిగి, సముద్రమును చేరినదన్నమాట.

ఈ రేణువులు గోదావరీ కృష్ణలు తెచ్చినవి కారాదా? కావు. దక్షిణాపథమందలి గ్రానైటు శిలలలో అనేకములు 250 కోట్ల సంవత్సరముల నాటివి; అంత పడుచు అభ్రకము అచ్చట లేదు.

హిమాలయముల ఉన్నతి ఇటీవలి కాలముననే కలిగినదను అభిప్రాయమునకు ఈ ఫలితము గట్టి ప్రశ్నయైనది. 1 కోటి 70 లక్షల ఏండ్ల క్రిందటనే అచ్చట ఏదో యొకచోట శిలలు వేగముగా పైకి వచ్చుచుండెను. అయితే రేణువు తెలుపునది శిల పైకివచ్చి అరిగిన వేగమునే గాని, శిఖరపు ఎత్తును కాదు. ఆ ఎత్తును తెలిసికొనుటకు వేరు సాక్ష్యములు కావలెను.