కారు కప్పులో కోళ్ల జాలీ – ఏరియల్ దాచిన కథ



మన పల్నాట్లో ఇప్పటికీ కొన్ని ఇళ్ల వాకిళ్లలో, గడ్డివాముల పక్కన పాత అంబాసిడర్లు, జీపులు కనపడతాయి. కొన్నిటిని తుక్కు కింద కాటా వేసి అమ్మేశారు. కొన్నిటిని ఇంట్లో కుర్రాళ్లు మళ్లీ బాగు చేయించుకుంటున్నారు. బండి నడిచే స్థితికి వచ్చాక వాళ్లు అడిగే మాట ఒకటే: "రేడియో పెట్టించాలి. కానీ బాడీకి బొక్క కొట్టకూడదు, ఏరియల్ పుల్ల బయటికి కనపడకూడదు. ఎట్లా?"

ఈ ప్రశ్న మనకు కొత్తగా వచ్చింది కాదు. తొంభై ఏళ్ల కిందటే కార్లు తయారుచేసినవాళ్లకు వచ్చింది. వాళ్లు ఏం చేశారో, ఎక్కడ దెబ్బ తిన్నారో తెలిస్తే మన పని సగం అయిపోయినట్టే.

1930లో అమెరికాలోని షికాగోలో పాల్ గాల్విన్, జోసెఫ్ గాల్విన్ అనే అన్నదమ్ములు కారులో పెట్టే రేడియోను మోటరోలా పేరుతో అమ్మకానికి తెచ్చారు. మనం తర్వాత సెల్‌ఫోన్ల మీద చూసిన ఆ పేరు కారు రేడియోతోనే పుట్టింది. అప్పటి రేడియోలు వాల్వులవి. ఏరియల్ మంచిది లేకపోతే గొంతు పలికేది కాదు. మరి ఏరియల్ ఎక్కడ పెట్టారు? కారు కప్పులో. బయటికి ఏమీ కనపడేది కాదు.

అదెట్లా కుదిరిందంటే, ఆ రోజుల్లో కారు కప్పు మొత్తం ఇనుము కాదు. అంత వెడల్పు రేకును ఒకే ముక్కగా వంచే ప్రెస్సులు అప్పటికి రాలేదు. అందుకని చుట్టూ రేకు, నడుమ చెక్క పట్టీలు, వాటి మీద దూది, పైన నీళ్లు దిగని గుడ్డ. ఆ దూది జారకుండా కింద ఇనప తీగ జాలీ పరిచేవాళ్లు. ఏ జాలీ అనుకున్నారు? మనం కోళ్ల గూటికి కొట్టే జాలీయే. దాన్ని బాడీ ఇనుముకు తగలకుండా విడిగా ఉంచి, ఒక మూల నుంచి తీగ లాగి రేడియోకు కలిపితే చాలు, అదే ఏరియల్.

తర్వాత 1935 మోడళ్లకు జనరల్ మోటార్స్ కంపెనీ మొత్తం ఉక్కు కప్పు తెచ్చింది. బండి గట్టిపడింది, వాన కారటం పోయింది. కానీ జాలీకి చోటు లేకుండా పోయింది. ఇనప కప్పు కింద ఏ తీగ పెట్టినా రేడియో మూగబోయింది. కొంతకాలం ఏరియల్‌ను కాలు పెట్టి ఎక్కే మెట్టు కింద బిగించి చూశారు. అక్కడ బురద, రాళ్ల దెబ్బలు, పైగా సిగ్నల్ తక్కువ. చివరికి చేసేది లేక పుల్లను బయట నిలబెట్టారు. మనం కారుకు అందం అనుకునే ఆ పొడుగాటి పుల్ల, దాచటానికి చోటు దొరక్క బయటికి వచ్చిందన్నమాట. మళ్లీ 1969లో పాంటియాక్ కారు ముందు అద్దంలో సన్నటి తీగలు పెట్టి ఏరియల్‌ను దాచారు. ఇనుములో పోయిన చోటు గాజులో దొరికింది.

ఇక మన సంగతి చూద్దాం. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పట్లో రేడియో ఉండాలంటే లైసెన్సు ఉండాలి. 1933 నాటి చట్టం అది. ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి పుస్తకంలో వేయించుకోవాలి. ఆ లైసెన్సు బాధ 1980ల్లో గానీ పోలేదు. ఇంటి మీద రెండు వెదురు గడల మధ్య రాగి తీగ కట్టిందంటే ఆ ఇంట్లో రేడియో ఉందని ఊరందరికీ తెలిసేది. ఆ తీగకు తోడు ఇంకో తీగ భూమిలోకి పోయేది. గుంట తీసి, బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలం నీళ్లు పోసేవాళ్లు. మనం మోటారుకు, ట్రాన్స్‌ఫార్మరుకు చేసే ఎర్తింగే అది. పైన ఏరియల్, కింద ఎర్తు – రెండూ కలిస్తేనే రేడియో. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కారు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

1966 నుంచి ఆకాశవాణిలో రైతుల కోసం ప్రత్యేక విభాగాలు మొదలయ్యాయి. మరుసటి ఏడే, 1967 ఆగస్టు 4న, నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలారు. మెట్ట చేలల్లోకి కుడి కాలవ నీళ్లు వచ్చిన రోజులూ, కొత్త విత్తనాలు, ఎరువుల కబుర్లు రేడియోలో విన్న రోజులూ మనకు ఒకటే.

అప్పటికే ట్రాన్సిస్టర్ వచ్చేసింది. ఇంటి మీద తీగ పోయింది. నిజానికి పోలేదు, డబ్బాలోకి వెళ్లి దాక్కుంది. పాత సెట్టు విప్పి చూడండి. నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దాని మీద సన్నటి రాగి తీగ చుట్ట ఉంటాయి. మీడియం వేవ్‌కు అదే ఏరియల్. ఆ కడ్డీ మొన విజయవాడ వైపు ఉంటే గొంతు పడిపోతుంది, అడ్డంగా ఉంటే బాగా పలుకుతుంది. మన పెద్దవాళ్లు సెట్టును అటూ ఇటూ తిప్పి పెట్టింది ఇందుకే. అదే సెట్టును ఇనప బీరువాలో పెట్టి తలుపు మూయండి, మాట ఆగిపోతుంది. కారు కూడా కిటికీలున్న బీరువానే.

ఇప్పుడు మన బండికి వద్దాం. అంబాసిడర్ 1950ల చివర్లో మొదలై 2014లో ఆగిపోయింది. ఇక కొత్తది రాదు. అందుకే ఉన్న బాడీకి బొక్క కొట్టేముందు ఆలోచించాలి. బొక్క కొట్టిన చోట పెయింటు లేస్తుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది.

జీపు ఉన్నవాళ్ల పని తేలిక. గుడ్డ టాపు కాబట్టి మీది 1930 నాటి కారే అనుకోండి. రబ్బరు తొడుగు ఉన్న సన్నటి తీగను టాపు లోపలి వైపు గుడ్డలో కలిపి కుట్టించండి. ఇనప కమ్మీలకు మాత్రం ఆనకూడదు.

అంబాసిడర్‌కైతే కప్పు లైనింగు కింద పెట్టొద్దు. కప్పు ఇనుము. అద్దమే దారి. ముందు అద్దం అంచున, లోపలి వైపు సన్నటి తీగ అంటించండి. అంచు ఇనుముకు కాస్త దూరంగా, కొంత భాగం నిలువుగా ఉండేట్టు చూడండి. అద్దానికి లోహపు పూత ఉన్న సన్ ఫిల్ము వేసి ఉంటే అది కూడా ఇనప కప్పులాగే అడ్డుపడుతుంది.

విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్. అంటే ఒక్కో అల పొడవు సుమారు 358 మీటర్లు. మన తీగ ఒక మీటరు. అంత చిన్న తీగ పట్టేది చిటికెడు సిగ్నలే, దాన్ని దారిలో పోగొట్టుకోకూడదు. అందుకని రేడియోకు పోయే కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. డిష్ టీవీ కేబుల్ మిగిలింది కదా అని వేయొద్దు, కారు ఏరియల్ కేబులే వేయండి. ఆ కేబుల్ పైజాలీని బాడీ ఇనుముకు, పెయింటు గీకి, గట్టిగా బిగించాలి. కారులో బాడీయే భూమి. ఇందాక చెప్పిన ఎర్తు ఇదే.

పాత కారు రేడియోల్లో ఏరియల్ గుచ్చే చోట చిన్న ట్రిమ్మర్ స్క్రూ ఉంటుంది. ఏరియల్ మార్చినప్పుడల్లా ముల్లు కుడి చివరకు దగ్గరగా ఒక బలహీనమైన స్టేషను పెట్టి, గొంతు బాగా పెరిగే దాకా దాన్ని మెల్లగా తిప్పాలి. చాలామంది ఇది చేయక రేడియో పాడైందనుకుంటారు. బూస్టర్ ఉన్న ఏరియల్ కొనేటప్పుడు మీడియం వేవ్‌కు కూడా పనిచేస్తుందా అని అడగండి. కొన్ని ఎఫ్ఎంకే పనిచేస్తాయి. మీ బండి పాజిటివ్ ఎర్తా, నెగటివ్ ఎర్తా అన్నది చూడకుండా వైరు కలపొద్దు. బాగా పాత ఇంగ్లీషు తరహా బండ్లలో పాజిటివ్ ఉండేది, తిరగేస్తే కొత్త సెట్టు కాలిపోతుంది. పెట్రోలు బండికి ప్లగ్గుల చిటపట రేడియోలో వినపడుతుంది, సప్రెసర్లు వేయించాలి. డీజిలు బండికి ఆ బాధ లేదు.

సెల్‌ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు అంటారేమో. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మన తరం మర్చిపోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటూ పోయింది, సెల్లూ పోయింది. టవరుకు కరెంటు కావాలి, ఇంట్లో టీవీకి కరెంటు కావాలి. బండి రేడియోకు దాని బ్యాటరీ చాలు. మీడియం వేవ్‌కు దగ్గర్లో టవరు ఉండక్కర్లేదు. విజయవాడలో మాట్లాడింది పగటిపూట నేల వెంబడే చాలా దూరం వస్తుంది. కల్లంలో మిరప ఆరబోసినవాడికి, పత్తి తీయించేవాడికి ఆ రాత్రి ఒక్క కబురు అందితే పట్టా కప్పుకుంటాడు.

ఒక సంగతి మాత్రం దాచను. దేశంలో చాలాచోట్ల పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ప్రసార భారతి ఆపేస్తూ వస్తోంది. కాబట్టి ఖర్చు పెట్టేముందు ఒక చిన్న సెట్టుతో మీ చేలో నిలబడి, పగలు ఒకసారి, రాత్రి ఒకసారి విని చూడండి. వస్తే మీడియం వేవ్, ఎఫ్ఎం రెండూ ఉన్న సెట్టే పెట్టించండి.

ఏరియల్‌ను గుడ్డలో దాచండి, గాజులో దాచండి, పర్వాలేదు. ఇనుము లోపల మాత్రం దాచొద్దు. తొంభై ఏళ్ల కిందట పెద్ద కంపెనీలు డబ్బు పోసి నేర్చుకున్న పాఠం అది, మనకు ఊరికే వచ్చింది. మీ ఊళ్లో పాత బండి ఉంటే, అది కాటా ఎక్కకముందే ఈ నాలుగు మాటలు ఆ ఇంటి కుర్రాడికి చెప్పండి.