ఐదు జ్ఞాపకాలు, ఒకే రాత్రి

సూరత్ ఖటోదరాలో, పక్కనున్న ఉధ్నాలో, లింబాయత్‌లో 1980ల నుంచి ఉంటున్న తెలుగు నేత కుటుంబాల పెద్దల్ని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ఆ రోజుల్లో రాత్రి టీవీ కార్యక్రమాలు అయిపోయేటప్పుడు తెర మీద ఏం వచ్చేది? జవాబు ఒకటిగా రాదు. గళ్ల మధ్య గుండ్రటి బొమ్మ, రంగు పట్టీలు, చెవిలో గుచ్చుకునే కూత అని ఒకరంటారు. కాదు, తిరిగి తిరిగి కన్నులా కుదురుకునే దూరదర్శన్ గుర్తు, దాని వెనక ఆ బాణీ అని ఇంకొకరు. అనౌన్సరమ్మ నమస్కారం పెట్టి సెలవు తీసుకునేదని మరొకరు. తెరంతా చీమలు పారినట్టు చుక్కలు, బుస్సుమనే హోరు అని నాలుగో మాట. నడిమధ్యలో ఒక తెల్లచుక్క మిగిలి మెల్లగా ఆరిపోయేదని ఐదోది. ఎవరి మాట మీద వాళ్లు గట్టిగా నిలబడతారు.

టేపు తీసి చూస్తే తేలిపోయే తగువే ఇది. చిక్కేమిటంటే ఆ చివరి నిమిషాల్ని దాచిపెట్టిన వాళ్లు దాదాపు లేరు. వీడియో టేపు ఖరీదైనది, ఒకదాని మీద ఒకటి మళ్లీ మళ్లీ రికార్డు చేసుకునే సరుకు. నాటకం, కచేరీ, నాయకుడి ప్రసంగం అయితే దాచుకుంటారు. రోజూ వచ్చే సెలవు మాటని ఎవరు దాస్తారు? అందుకే దొరికిన ఆనవాళ్లతోనే ఆ రాత్రిని మళ్లీ కట్టుకోవాలి.

మొదటి ఆనవాలు భాష. ఖటోదరాలో ఆ సెలవు మాట తెలుగులో వినిపించే వీలు లేదు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. టీవీ తరంగాలు ఇంచుమించు చూపు ఆనినంత మేరే పోతాయి. ఎంత ఎత్తు టవరైనా ఏడు వందల కిలోమీటర్ల అవతలున్న సూరత్ మేడ మీది యాంటెన్నాని అందుకోలేదు. 1984లో దేశమంతా వరసగా వెలిసిన తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లకి స్టూడియోలే లేవు. వేరే చోటి నుంచి వచ్చింది పట్టుకుని చుట్టుపక్కల ఊళ్లకి పంచడమే వాటి పని. గుజరాతీ కార్యక్రమాలు అహ్మదాబాద్ నుంచి, రాత్రి జాతీయ కార్యక్రమం ఢిల్లీ నుంచి. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమం మొదలైన తర్వాత దేశమంతటికీ రాత్రి వార్తలు ఒక్కచోటి నుంచే హిందీలో, ఇంగ్లీషులో వచ్చేవి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చి సాంచాల (మరమగ్గాల) మీద బతుకుతున్న మనిషికి ఆ పెట్టెలో తెలుగు వినబడేది ‘చిత్రమాల’ పాటల కార్యక్రమంలో ఒక తెలుగు పాట వచ్చినప్పుడు, లేకుంటే ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ చిత్రాల వంతులో తెలుగు సినిమా తగిలినప్పుడు. కాబట్టి ‘శుభరాత్రి’ అని తెలుగులో విన్నామని ఎవరైనా అంటే ఆ జ్ఞాపకం సెలవులకి ఊరెళ్లినప్పటిది. దాన్ని ఖటోదరా ఖాతాలో వేయకూడదు.

ఇక్కడ ఒక పక్కదారి ఉంది, దాటిపోబుద్ధి కావడం లేదు. ‘హైదరాబాద్‌లో టీవీ రాకముందే మా ఊళ్లో తెలుగు టీవీ చూశాం’ అని ఎవరైనా ముసలాయన అంటే పిల్లలు నమ్మరు. ఆ మాట నిజమయ్యే వీలుంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి టీవీ చూపించింది. ఆంధ్రప్రదేశ్ పల్లెలు అందులో ఉన్నాయి. కార్యక్రమాలు పైకి పంపిన భూకేంద్రాల్లో ఒకటి గుజరాత్‌లోనే, అహ్మదాబాద్‌లో. ఏడాది గడువు తీరగానే ఉపగ్రహం వెళ్లిపోయింది, ఆ పల్లెల్లో ఉపగ్రహ టీవీ ఆగిపోయింది. ఒక్క రాత్రితో ఇంతమందికి తెర మూతపడ్డ ముగింపు మన దేశంలో మరొకటి నాకు కనిపించలేదు.

రెండో ఆనవాలు బాణీ. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణి నుంచి వేరుపడి సొంత సంస్థ అయింది. అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థలో చదువుకున్న దేవాశీష్ భట్టాచార్య ఆ కన్ను గుర్తు గీశారు. బాణీ కట్టడంలో షెహనాయి విద్వాంసుడు అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్, పండిత్ రవిశంకర్ పేర్లు చెబుతారు. అయితే ఆ బాణీ ‘వస్తున్నాం, కూర్చోండి’ అని పిలిచే పిలుపు. పొయ్యి దగ్గర నుంచి అమ్మని, వాకిట్లోంచి పిల్లల్ని తెర ముందుకి రప్పించింది అదే. అంటే రెండో జవాబులో జ్ఞాపకం అబద్ధం కాదు, వేళ మారిపోయింది.

గుండ్రటి బొమ్మ సంగతీ అంతే, కానీ దాని దగ్గర కాస్త నిలబడాలి. ఆ తరహా బొమ్మల్లో పేరు మోసినది 1960ల ద్వితీయార్ధంలో కోపెన్‌హేగెన్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో పుట్టింది. దాని రూపకర్త ఫిన్ హెండిల్ అనే ఇంజినీరు. అందులో అలంకారం కోసం పెట్టిన గీత ఒక్కటీ లేదు. వలయం కోడిగుడ్డులా సాగిందంటే తెర ఎత్తు, వెడల్పు సర్దాలి. గళ్లు వంకర పోయాయంటే తెర అంచుల్లో లోపం. దగ్గరగా గీసిన సన్నగీతలు కలిసిపోతే సెట్టుకి సన్నని వివరాలు అందడం లేదు. రంగు పట్టీలు రంగుల్ని సరిచూసుకోవడానికి. వెనక వచ్చే ఒకే స్థాయి కూత ధ్వని సరిచూసుకోవడానికి. మరి ఇదంతా ఎప్పుడు కావాలి? ప్రసారం మొదలు కాకముందు. మెకానిక్ వచ్చేదీ, ఒకరు మేడెక్కి యాంటెన్నా తిప్పుతుంటే ఇంకొకరు కిటికీలోంచి ‘వచ్చింది, వచ్చింది, ఆ... పోయింది!’ అని అరిచేదీ సాయంత్రమే. సెలవు చెప్పాక కాసేపు ఆ బొమ్మని ఉంచినా, అర్ధరాత్రి దాన్ని చూస్తూ కూర్చునే అవసరం ఇళ్లలో ఎవరికీ లేదు.

ఇంతదాకా వస్తే ఒక అనుమానం మిగులుతుంది. సాయంత్రపు సంగతిని రాత్రిదని ఇంతమంది ఎందుకు అనుకుంటారు?

దీనికి జవాబు టీవీలో దొరకదు. సాంచాల దగ్గర దొరుకుతుంది. సూరత్ మరమగ్గాలు పన్నెండేసి గంటల రెండు పాళీలు నడుస్తాయి. పొద్దున ఏడెనిమిది గంటలకి ఒకరు ఎక్కితే సాయంత్రం ఏడెనిమిదికి దిగుతారు, అదే సాంచె మీదికి రాత్రి మనిషి వస్తాడు. రాత్రి పాళీ మనిషి సాయంత్రం బయలుదేరే ముందు చూడగలిగింది గుండ్రటి బొమ్మ, ఆ బాణీ, మహా అయితే మొదటి కార్యక్రమం. అతని వరకు టీవీ చూడటం అంటే అంతే. చొక్కా తొడుక్కుని వెళ్లిపోయే ముందు చివరగా చూసింది అదే కాబట్టి, అతని మనసులో అదే ముగింపుగా నిలిచింది. పగటి పాళీ మనిషి సంగతి వేరు. చెవుల్లో సాంచాల హోరుతో ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం ముందేసుకుని కూర్చునేసరికి బాణీ ఎప్పుడో అయిపోయింది. జాతీయ వార్తలు, ధారావాహిక చూసి, కూర్చున్నచోటే కునుకు తీసి, సెలవు మాటకి మెలకువ తెచ్చుకునేది అతనే. పాళీలు మారేవి కనుక ఒకే మనిషిలో రెండు జ్ఞాపకాలు కలిసిపోవడమూ సహజం. ఇది నేను ఆనవాళ్ల నుంచి తీసిన ఊహే, కానీ ఆ ఐదు జవాబుల్నీ ఎవరినీ అబద్ధాలకోరు చేయకుండా కలిపే దారి నాకింకొకటి కనబడలేదు. ఖటోదరా పెద్దల్ని ఏం చూశారని అడిగే ముందు ఏ పాళీ చేశారని అడగాలి.

మిగిలినవి చుక్కలు, తెల్లచుక్క. ఈ రెండూ నిజంగా రాత్రివే. అయినా రెండింటినీ స్టేషన్ పంపలేదు.

సెలవు చెప్పేశాక ట్రాన్స్‌మిటర్ని ఆపేస్తారు. అంతసేపూ బలమైన తరంగాన్ని అందుకుంటున్న సెట్టుకి ఉన్నట్టుండి ఏమీ రాదు. సంకేతం బలహీనపడితే తనంతట తానే శక్తి పెంచుకునే ఏర్పాటు ప్రతి సెట్టులోనూ ఉంటుంది. లేని దాని కోసం అది పూర్తిగా పెంచుకుంటూ పోతుంది, చివరికి సెట్టులోని భాగాల్లో ఎప్పుడూ ఉండే సన్నని అలజడే పెద్దదై చుక్కలుగా, హోరుగా బయటపడుతుంది. ఆ హోరు అంత గట్టిగా ఉండి నిద్రలో ఉన్నవాళ్లని లేపేది అందుకే. యాంటెన్నా తీగ పీకేసినా చుక్కలు పోయేవి కావు, కావాలంటే ఆనాటి మెకానిక్‌ని అడగండి. అంటే వాటిలో ఎక్కువ భాగం సెట్టు లోపలివే. కొంత చుట్టుపక్కల మోటార్లది, ట్యూబులైట్లది. సాంచాల మధ్య ఇళ్లకి ఆ కొదవ లేదు.

ఒక చిన్న పాలు మాత్రం ఆకాశానిది. 1964లో అమెరికాలోని హోమ్‌డెల్‌లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ బెల్ సంస్థ వారి పెద్ద కొమ్ము యాంటెన్నాతో పనిచేస్తుంటే, ఎటు తిప్పినా ఒకే హోరు వినిపించింది. గూడు కట్టిన పావురాల్ని తరిమేశారు, వాటి రెట్ట కడిగేశారు. హోరు పోలేదు. అది విశ్వం పుట్టిన తొలినాళ్ల వేడికి మిగిలిన ఆనవాలని 1965లో లోకానికి తెలిసింది, 1978లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. పాత టీవీ చుక్కల్లో సుమారు నూటికి ఒక వంతు ఆ వెలుగుదేనని లెక్క చెబుతారు. దాదాపు 1,380 కోట్ల ఏళ్ల నాటి వెలుగు ఖటోదరా గదిలోకి, చాప మీద నిద్రపోతున్న మనిషి ముందుకి వచ్చిందన్నమాట. ఈ ఒక్క సంగతి తెలియడం కోసమైనా ఈ చిక్కు విప్పడం నాకు దండగ అనిపించలేదు.

తెల్లచుక్క ఇంకా తర్వాతిది. ఎవరో లేచి మీట నొక్కాక వచ్చేది. పాత పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ల ధారని తెర అంతటా తిప్పే ఏర్పాటు ముందు ఆగిపోతుంది. లోపలి వేడి, నిలవ ఉన్న విద్యుత్తు మాత్రం కాసేపు పోవు. తిప్పేవాడు లేని ధార నడిమధ్యలో ఒక్కచోటే పడి ఆరిపోతుంది. ఆ చుక్క చూసిన మనిషి ఆ ఇంట్లో టీవీ కట్టేసిన మనిషే.

ఇప్పుడు వరస పెట్టవచ్చు. సాయంత్రం గుండ్రటి బొమ్మ, కూత. ఆ తర్వాత కన్ను గుర్తు, బాణీ. రాత్రి చివర ఢిల్లీ నుంచి హిందీలోనో ఇంగ్లీషులోనో సెలవు. ట్రాన్స్‌మిటర్ ఆగాక చుక్కలు. మీట నొక్కాక తెల్లచుక్క. ఐదుగురూ చూసింది నిజమే, ముగింపు చూసింది ముగ్గురు.

ఆ ముగింపులు పోయింది ఉపగ్రహ చానళ్లు వచ్చాకే. 1992 అక్టోబరులో జీ టీవీ, 1995లో జెమిని, అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ. డిష్షు పెట్టుకున్న కేబుల్ వాళ్ల పుణ్యాన సూరత్ తెలుగు ఇళ్లకి తెలుగు వచ్చింది, క్రమంగా ఇరవై నాలుగు గంటలూ వచ్చింది, సెలవు చెప్పే అవసరం లేకుండా పోయింది. లండన్‌లో బీబీసీ వన్ కూడా 1997 నవంబరు దాకా రాత్రిపూట జాతీయగీతంతో మూసేది. ఆ తర్వాత రాత్రుళ్లని వార్తా చానల్‌కి అప్పగించింది. మన దూరదర్శన్ పాత తరహా ట్రాన్స్‌మిటర్లనే 2022 నాటికి, సరిహద్దు వంటి కొన్ని చోట్ల తప్ప, దాదాపు అంతటా ఆపేసింది.

సూరత్‌లో ఉన్న తెలుగువారికి ఒక విన్నపం. రాత్రి సినిమా రికార్డు చేయడానికి వీసీఆర్ పెట్టి నిద్రపోయిన ఇళ్లలో, సినిమా తర్వాత కూడా తిరుగుతూ పోయిన టేపులు ఉండే ఉంటాయి. వేరే దేశాల్లో ఇలాంటి ముగింపులు చాలావరకు దొరికింది అలాంటి టేపుల చివర్లలోనే. అటక మీద ఉన్న క్యాసెట్టుని పారేయకండి. తెల్లగా బూజు పట్టి ఉంటే వీసీఆర్‌లో పెట్టకండి, బూజు ఆ యంత్రానికీ, దాన్నుంచి ఇంకో టేపుకీ పాకుతుంది. తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించి చివరిదాకా నడిపి చూడండి. నగరపాలక సంస్థ తెలుగు బడుల్లో చదువు చెప్పే మాస్టార్లు తమ పిల్లల చేత ఇళ్లలో తాతల్ని, అమ్మమ్మల్ని అడిగించి రాయిస్తే ఇంకా మేలు. రాసేటప్పుడు ఏ ఏడు, ఏ పేట, ఏ పాళీ అన్నవి తప్పకుండా రాయించండి.