మాస్ట్ కణ వ్యాధుల్లో రక్తస్రావం: కారణాన్ని వెతికే క్రమం

రేణువులతో కిక్కిరిసిన కొన్ని కణాలకు జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ 1878లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ‘మాస్ట్‌జెల్లెన్’ అని పేరు పెట్టాడు. బాగా మేపిన కణాలని దాని భావం. ఆ రేణువులు కణం తిన్న తిండి కావు, అవసరమైనప్పుడు బయటికి వదిలే సరుకు అని తర్వాత తేలింది. 1937లో స్వీడన్ పరిశోధకులు హోల్మ్‌గ్రెన్, విలాండర్ ఈ కణాలకూ హెపారిన్‌కూ ఉన్న బంధాన్ని చూపారు. రక్తం గడ్డకట్టకుండా మనం సూదిమందుగా ఇచ్చే హెపారిన్ ఇదే.

అందుకే ఈ కణాలు మితిమీరి పేరుకుపోయే మాస్టోసైటోసిస్ రోగికి ముక్కు నుంచి రక్తం కారినా, ఒళ్లు ఊరికే కమిలినా వైద్యుడి చూపు ముందుగా హెపారిన్ మీదికే పోతుంది. ఆ అనుమానం నిరాధారం కాదు గానీ, దానితోనే మొదలుపెట్టడం పొరపాటని నా అభిప్రాయం.

మొదట చూడవలసింది జీర్ణాశయం. మాస్ట్ కణాలు వదిలే హిస్టమిన్ హెచ్2 గ్రాహకాల ద్వారా ఆమ్లస్రావాన్ని పెంచుతుంది, పుండు పడుతుంది, అది రక్తమోడుతుంది. ముఖం ఎర్రబారడాన్ని తగ్గించడానికి కొందరికి ఇచ్చే ఆస్పిరిన్ ఈ ముప్పును ఇంకా పెంచుతుంది. ఆస్పిరిన్ పడక మాస్ట్ కణాలు రెచ్చిపోయే రోగులూ ఉన్నారు.

తర్వాత ఎముక మజ్జ, ప్లీహం, కాలేయం. ముదిరిన వ్యాధిలో మజ్జను మాస్ట్ కణాలు ఆక్రమిస్తే ప్లేట్‌లెట్ల తయారీ తగ్గుతుంది. ఉబ్బిన ప్లీహం ఉన్నవాటినీ పట్టి ఉంచుతుంది. కాలేయం దెబ్బతింటే గడ్డకట్టే కారకాలు తరుగుతాయి. చికిత్సకూ ఇక్కడే హద్దు పడుతుంది. కిట్ జన్యువులోని డి816వి మార్పు మీద పనిచేసే అవాప్రిటినిబ్‌ను, ముదిరిన వ్యాధిలో ప్లేట్‌లెట్లు 50,000 కన్నా తక్కువ ఉన్నవారికి సిఫారసు చేయరు. మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉండడమే కారణం.

ఇక హెపారిన్. అది యాంటీథ్రాంబిన్‌కు బలమిచ్చి థ్రాంబిన్‌ను అడ్డుకుంటుంది. దానికి తోడు మాస్ట్ కణాల ఎంజైమ్ ట్రిప్టేజ్ గడ్డకు ముడిసరుకైన ఫైబ్రినోజెన్‌ను ఛేదిస్తుంది. ఈ కణాలే వదిలే మరో ఎంజైమ్ టి-పి.ఎ. ఏర్పడిన గడ్డను కరిగించే ప్రక్రియను మొదలుపెడుతుంది. అంటే ఇవన్నీ కలిసి గడ్డ కట్టనివ్వవు, కట్టినదాన్ని నిలవనివ్వవు. అయితే ఇదంతా చాలాసార్లు మాస్ట్ కణాలు గుమిగూడిన చోటికే పరిమితం. కుక్కల్లో మాస్ట్ కణ కణితిని కోసినప్పుడు గాయం చుట్టూ రక్తం ఆగకపోవడం పశువైద్యులకు తెలిసిన సంగతే. కాబట్టి చేతి రక్తనాళం నుంచి తీసిన నమూనాలో, రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే ఎ.పి.టి.టి. మామూలుగా వచ్చినంత మాత్రాన స్థానిక హెపారిన్ ప్రభావం లేదని తేల్చలేం. తీవ్రమైన అనాఫిలాక్సిస్‌లో మాత్రం అది రక్తప్రవాహంలోనే కనిపించవచ్చు. హెపారిన్‌కు విరుగుడైన ప్రోటమైన్ కూడా మాస్ట్ కణాలను రెచ్చగొట్టగలదు గనుక దాన్ని ఆచితూచి వాడాలి.

శస్త్రచికిత్సకు ముందు ఈ రోగులందరినీ మలం నల్లగా వస్తోందా, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా, బహిష్టు స్రావం ఎక్కువగా ఉందా అని విడివిడిగా అడగండి. జవాబులను ట్రిప్టేజ్, ప్లేట్‌లెట్ ఫలితాల పక్కనే రాసిపెట్టండి.